జిల్లా కోర్టులోనే ఉంటూ ప్రజారోగ్యం కేసులు చేయడం: ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తకోటు (అనంతపురం) – సోమవారం రాత్రి 9:10
అందరికీ నమస్తే. నీళ్ళు, మురుగు, దుమ్ము, ఆసుపత్రి. ఈ నాలుగింటి చుట్టూ తిరిగే కేసులనే ప్రాక్టీసుగా పెట్టుకోవాలంటే జిల్లాలో కుదురుతుందా? ఎవర్ని అడిగినా "పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వెయ్" అంటారు. పిల్ అంటే హైకోర్టు, హైకోర్టు అంటే అమరావతి. అంత దూరం పోకుండా ఏమేం చేయొచ్చు? గాల్లో మాట్లాడకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఊరి కొళాయి పైపు మురుగు కాలవ గుండా పోతోంది. వానలు పడగానే ఊళ్ళో వాంతులు, విరేచనాలు. ఏ తలుపు తట్టాలి, ఏ కాగితంతో?

బురుజుకాడ_వకీలు (కర్నూలు) – సోమవారం రాత్రి 10:02
ముందు పిల్ అనే మాట పక్కన పెట్టప్పా. అది చివరి తలుపు. ఈ ఉదాహరణకు జిల్లాలోనే రెండు తలుపులు ఉండాయి.

మొదటిది ఆర్డీఓ కోర్టు. సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) 133 కింద పబ్లిక్ న్యూసెన్స్, అంటే జనానికి ఇబ్బంది చేసేదాని మీద పిటిషన్. మురుగు, కంపు, ఆరోగ్యానికి చెరుపు చేసే వ్యాపారం, పడిపోయే గోడ, కంచె లేని బావి, అన్నీ దీంట్లోకి వస్తాయి. పోలీసు రిపోర్టు మీదైనా, ఇంకే సమాచారం మీదైనా సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు షరతుతో కూడిన ఉత్తర్వు ఇస్తారు: "ఇన్ని రోజుల్లో తొలగించు, లేదా వచ్చి కారణం చెప్పు." రాకపోతే ఉత్తర్వు ఖాయమవుతుంది. అప్పుడూ చేయకపోతే పని వాళ్ళే చేయించి ఖర్చు రాబట్టొచ్చు.

దీనికి ప్రాణం పోసింది 1980 నాటి రత్లాం మున్సిపాలిటీ తీర్పు. "డబ్బుల్లేవు" అని మున్సిపాలిటీ వాదించింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. చట్టం పెట్టిన బాధ్యతకు ఖజానా ఖాళీ అనేది జవాబు కాదన్నారు. ఆ తీర్పు చివర ఇచ్చిన ఆదేశాలు చదువు. ఆరు నెలల్లో ఆడవాళ్ళకి, మగవాళ్ళకి వేర్వేరుగా మరుగుదొడ్లు కట్టాల, పొద్దున సాయంత్రం శుభ్రం చేయాల, అని అంత వివరంగా ఉంటాయి. వేడికోలు (కోర్టును ఏం ఆదేశించమని అడుగుతామో ఆ భాగం) ఎట్ల రాయాలో అక్కడ నేర్చుకోవచ్చు.

రెండోది శాశ్వత లోక్ అదాలత్. నెలకో రెండు నెలలకో పెట్టే మామూలు లోక్ అదాలత్ కాదు ఇది. 1987 న్యాయసేవల చట్టం 22ఏ నుంచి 22ఈ దాకా చూడు. నీటి సరఫరా, పారిశుధ్యం, ఆసుపత్రి సేవ, కరెంటు, ఇన్సూరెన్సు అన్నీ ప్రజోపయోగ సేవలే. కోర్టు ఫీజు లేదు. కోటి రూపాయల విలువ దాకా వింటారు. రాజీ కుదరకపోతే 22సీ(8) కింద వాళ్ళే తీర్పు ఇస్తారు. అది సివిల్ డిక్రీతో సమానం, అప్పీలు లేదు, హైకోర్టులో రిట్ ఒక్కటే. ఒక్క జాగ్రత్త: ఈ వివాదం మీద అంతకుముందే ఏ కోర్టుకైనా పోయుంటే ఇక్కడ తలుపు మూసినట్టే. రాజీ మెట్టు ఎక్కకుండా నేరుగా తీర్పు ఇచ్చినా నిలవదు, 2022లో కెనరా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి రాజీ షరతులు రాసి ఇచ్చినట్టు, అవతలివాళ్ళు కాదన్నట్టు రికార్డులో ఉండేట్టు చూసుకో. మీ జిల్లాకు ఏ బెంచి కూర్చుంటుందో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో అడిగితే చెప్తారు.

పది_రూపాయల_దరఖాస్తు (కడప) – సోమవారం రాత్రి 10:31
అన్నా, 133 పాత నంబరు. 2024 జులై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 152. కారణం చెప్పుకునే విచారణ 157, స్థానిక తనిఖీ, నిపుణుడి సాక్ష్యం 158, ఖాయం చేయడం 160, విచారణ నడిచేలోపు ఆపమని ఆదేశం 161. కొత్త చట్టంలో విచారణకు 90 రోజుల గడువు పెట్టినారు, కారణం రాసి 120 దాకా పొడిగించొచ్చు. ఇది మంచి మార్పు. వాయిదాల మీద వాయిదాలు పడితే ఈ గడువే చేతికి కర్ర.

అయితే ఆర్డీఓ దగ్గరికే ముందు పోవాలనే మాట నేను ఒప్పుకోను. ఎదుటి పార్టీ పంచాయతీనో, మున్సిపాలిటీనో అయితే ఆర్డీఓ కూడా అదే సర్కారు మనిషి. ఫైలు "సంబంధిత శాఖ నివేదిక కోసం" అని పోతుంది, తిరిగి రాదు. ముందు కాగితాలు కూడబెట్టాల. దానికి సమాచార హక్కు.

ఫీజు మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఏమీ లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు, ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటలు. చాలామంది "తగు వివరములు ఇప్పించగలరు" అని రాసి చెడగొట్టుకుంటారు. ఇట్ల అడగాల: గత 12 నెలల్లో ఈ ట్యాంకు నీళ్ళు ఏయే తేదీల్లో పరీక్షించినారు, ల్యాబు రిపోర్టుల నకళ్ళు, క్లోరిన్ కొన్న బిల్లులు, స్టాకు రిజిస్టరు పేజీలు, పైపు లీకేజీల మీద వచ్చిన ఫిర్యాదుల రిజిస్టరు, ఆ పైపులైను కొలతల పుస్తకం.

క్లోరిన్ స్టాకు రిజిస్టరు చాలాసార్లు కేసును అక్కడికక్కడే తేల్చేస్తుంది. రోజూ కలిపినట్టు సంతకాలు ఉంటాయి, మూడు నెలలుగా కొన్న బిల్లు ఉండదు.

ఇంకో మాట, వకీళ్ళలో కూడా ఎక్కువమంది పట్టించుకోనిది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) చదవండి. కాగితాల నకళ్ళే కాదు, పనులు చూసే హక్కు, వస్తువుల ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా అందులో ఉంది. ట్యాంకు నీళ్ళు అధికారి సంతకంతో నమూనాగా అడగొచ్చు.

బురుజుకాడ_వకీలు (కర్నూలు) – సోమవారం రాత్రి 10:48
152 నంబరు నిజమే, చేతికి పాతదే అలవాటు. ఆర్డీఓ సంగతి మాత్రం పూర్తిగా ఒప్పుకోను. 152కు బలం తొందరలో ఉంది. నెల రోజులు సమాచార హక్కు జవాబు కోసం కూర్చుంటే "అంత ప్రమాదమైతే ఇన్నాళ్ళు ఏం చేసినారు" అని ఎదుటి వకీలు అడుగుతాడు. రెండూ ఒకే రోజు వెయ్యి. సోమవారం గ్రీవెన్సులో అర్జీ కూడా ఇవ్వు, రసీదు నంబరు దాచుకో. దాని వల్ల పైపు బాగవుతుందని కాదు. నోటీసు అందిన తేదీ కోసం.

సీసా_ల్యాబు – మంగళవారం ఉదయం 7:20
చట్టం సంగతి మీరు చూసుకోండి. శాంపిల్ సరిగా లేకపోతే పైన చెప్పినవన్నీ నీళ్ళపాలే.

క్రిముల పరీక్షకు: 250 మిల్లీలీటర్ల స్టెరిలైజ్ చేసిన సీసా ల్యాబులోనే తీసుకోవాలి. నీళ్ళ బాటిలు, కూల్‌డ్రింకు సీసా పనికిరావు. నీళ్ళలో క్లోరిన్ కలిపి ఉంటే సీసాలో సోడియం థయోసల్ఫేట్ వేసి ఇమ్మని అడగాలి. లేకపోతే సీసాలో క్లోరిన్ తన పని తాను చేసుకుంటూ పోతుంది, దారిలోనే క్రిములు చస్తాయి, రిపోర్టు "బాగుంది" అని వస్తుంది. కొళాయికి ఉన్న గుడ్డ, రబ్బరు పైపు తీసేసి, మూతిని స్పిరిట్ దూదితో తుడిచి కాల్చి, రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలేసి పట్టాలి. మూత లోపల వేలు తగలకూడదు. నిండా నింపకూడదు, పైన రెండు వేళ్ళంత ఖాళీ ఉండాలి. ఈ సీసాను కడగకూడదు. ఐసు డబ్బాలో పెట్టి 6 నుంచి 8 గంటల్లో ల్యాబుకి చేర్చాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకూడదు. ఎండాకాలం మన సీమలో మోటారుసైకిలు డిక్కీలో పెట్టి తెచ్చిన సీసా ఏ కోర్టులోనూ నిలవదు.

రసాయన పరీక్షకు: లీటరు లేదా రెండు లీటర్ల ప్లాస్టిక్ క్యాను, అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి నిండా నింపాలి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు.

ఎక్కడెక్కడ పట్టాలి? మూడు చోట్లైనా. ట్యాంకు దగ్గర, పైపు మురుగులోకి దిగే ముందు కొళాయి, దాటిన తర్వాతి కొళాయి. చివరి ఇంటిది ఒక్కటే తెస్తే "వాళ్ళ కుండలోనే మురికి" అంటారు. ముందుది శుభ్రంగా ఉండి వెనకది చెడిపోయి ఉంటే తప్పు ఎక్కడుందో రిపోర్టే చెబుతుంది.

తాగునీటికి జాతీయ ప్రమాణం ఐఎస్ 10500. ఈ.కోలై (మలంలో ఉండే క్రిమి) 100 మిల్లీలీటర్లలో అసలు కనిపించకూడదు. క్లోరిన్ కలిపే నీళ్ళలో చివరి కొళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దానికి సడలింపు లేదు.

మిగిలిన క్లోరిన్ అక్కడికక్కడే క్లోరోస్కోపుతో చూడాలి. సీసాలో పట్టి ల్యాబుకి తెచ్చి చూస్తే అర్థం లేదు, దారిలోనే ఎగిరిపోతుంది. నీళ్ళు చెడి ఉంటే నల్లగా మారే హెచ్‌2ఎస్ సీసాలు హెచ్చరికకు పనికొస్తాయి గానీ కోర్టులో అదొక్కటే సరిపోదు.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరి ఎదుట పట్టినారు. పంచాయతీ కార్యదర్శి, ఏఎన్‌ఎం, ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఏఈ, వీళ్ళలో ఒకరు సంతకం పెడితే మేలు. ఎవరూ రాకపోతే ఇద్దరు ఊరివాళ్ళతో అక్కడికక్కడే పంచనామా రాసి, రమ్మని పిలిచిన వాట్సాప్ మెసేజీ కూడా జత చేయండి.

బురుజుకాడ_వకీలు (కర్నూలు) – మంగళవారం ఉదయం 8:05
దీనికి రెండు తోకలు. ఫోన్లో తీసిన ఫోటోలు, మెసేజీలు పెట్టాలంటే సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాల. పాత 65బీలా ఒక కాగితం చాలదు. ఏ భాగం మనం, బీ భాగం నిపుణుడు సంతకం చేయాల, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకె) రాయాల. ఫోటో తీసిన ఫోన్ మార్చేయొద్దు, అమ్మేయొద్దు.

రెండోది, ఫ్యాక్టరీ వదిలే నీళ్ళైతే మనం పట్టిన శాంపిల్‌తో నీటి చట్టం కింద ప్రాసిక్యూషన్ నడవదు. కాలుష్య నియంత్రణ బోర్డు అధికారే ఆ చట్టం సెక్షన్ 21 ప్రకారం నోటీసు ఇచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేసి తీయాల. మన శాంపిల్ బోర్డును కదిలించడానికి పనికొస్తుంది. "కాలుష్య చట్టాలు ఉండగా 152 ఎట్ల" అని అడ్డుపడితే 2003 కేడియా లెదర్ తీర్పు చూపించు. నీటి చట్టం, గాలి చట్టం వచ్చినా న్యూసెన్స్ అధికారం పోలేదని సుప్రీంకోర్టు చెప్పింది.

ఎపిడెమ్_కడప – మంగళవారం మధ్యాహ్నం 1:40
నీటి రిపోర్టు "నీళ్ళు చెడినాయి" అని చెబుతుంది. "ఈ నీళ్ళ వల్లే జబ్బు వచ్చింది" అని చెప్పదు. ఆ రెండో ముక్కకు రోగుల పట్టిక కావాలి. వకీలు డాక్టరు కానక్కర్లేదు, ఈ పట్టిక చదవడం వస్తే చాలు.

పట్టికలో ఉండాల్సినవి: వయసు, ఆడా మగా, వీధి, జబ్బు మొదలైన తేదీ, గంట, తాగే నీళ్ళు ఎక్కడివి, ఆసుపత్రిలో చేరారా. పేరు బదులు వరస నంబరు. జబ్బు పడనివాళ్ళ లెక్క కూడా తీసుకోవాలి. చాలా పిటిషన్లు ఇక్కడే దెబ్బతింటాయి. "40 మందికి విరేచనాలు" అంటే దేనికీ రుజువు కాదు. ఊహకు ఒక లెక్క వేసి చూపిస్తా: ఆ కొళాయి నీళ్ళు తాగేవాళ్ళు 120 మందిలో 36 మందికి జబ్బు, అంటే నూటికి 30. బోరు నీళ్ళు తాగేవాళ్ళు 80 మందిలో నలుగురికి, అంటే నూటికి 5. ఆరు రెట్లు తేడా. ఈ నాలుగు అంకెలు ఒక చిన్న పెట్టెలో రాసి, పక్కన వీధుల పటంలో చుక్కలు పెట్టి ఇస్తే మేజిస్ట్రేటుకి నిమిషంలో అర్థమవుతుంది.

అందరికీ ఒకేసారి మొదలై రెండు మూడు రోజుల్లో తగ్గితే పెళ్ళి భోజనమో, ఒక్కసారి కలిసిన మురుగో అయ్యుండొచ్చు. రోజూ కొద్దికొద్దిగా వారాల పాటు వస్తుంటే లీకు ఇంకా సాగుతోందని అర్థం. తేదీ, గంట అడిగేది ఇందుకే.

మలం నమూనా యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి, కలరా అనుమానం ఉంటే క్యారీ బ్లెయిర్ మాధ్యమంలో (క్రిములు దారిలో చావకుండా ఉంచే పదార్థం) పంపాలి. ఇది ఆసుపత్రివాళ్ళ పని. అయితే తీశారా లేదా అన్నది జబ్బుల మీద నిఘా పెట్టే జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌కి సమాచార హక్కు కింద అడగదగ్గ ప్రశ్న.

హెచ్‌ఐవీ కేసు ఏదైనా ఈ దారిలో వస్తే 2017 చట్టం సెక్షన్ 8, 34 ముందు చదివి తర్వాతే పేరు కాగితం మీద పెట్టండి. పేరు దాచి దావా నడపమని కోర్టును అడగొచ్చు.

కొత్తకోటు (అనంతపురం) – మంగళవారం రాత్రి 9:25
చాలా థాంక్స్. ఇదే పద్ధతి ఫ్లోరైడ్‌కు పనికొస్తుందా? మా వైపు అసలు సమస్య అదే కదా. ఇంకొకటి, తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాతి యూనిట్లలో దుమ్ము.

సీసా_ల్యాబు – మంగళవారం రాత్రి 9:50
ఫ్లోరైడ్: లీటరుకి 1.0 మిల్లీగ్రాము దాకా ఆమోదం, వేరే దిక్కు లేనిచోట 1.5. ఎలక్ట్రోడు పద్ధతిలో చేసిన రిపోర్టు అడగండి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పట్టాలి, బోరు మట్టం మారితే అంకె మారుతుంది. నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది. "కాచి తాగండి" అని నోటీసు అంటించి చేతులు దులుపుకుంటే దాన్నే ఎగ్జిబిట్‌గా పెట్టుకోవచ్చు.

బురుజుకాడ_వకీలు (కర్నూలు) – మంగళవారం రాత్రి 10:15
ఫ్లోరైడ్‌కు 152 సరిపడదు. ఏళ్ళ తరబడి ఎముకల్లో చేరే విషం, "తక్షణ ప్రమాదం" అని వాదించడం కష్టం. న్యూసెన్స్ చేసిందెవరు? భూమి. శాశ్వత లోక్ అదాలత్ లేదా రిట్ మేలు. 1991 సుభాష్ కుమార్ కేసు నుంచి శుభ్రమైన నీళ్ళు 21వ అధికరణలో (జీవించే హక్కు) భాగమే.

ఇక్కడ వకీళ్ళు చేసే తప్పు ఒకటే. "ఆర్‌ఓ ప్లాంటు పెట్టండి" అని అడుగుతారు. పెడతారు. ఫోటో దిగుతారు. మెంబ్రేను చెడిపోయినాక తాళం పడుతుంది. కేసు గెలిచినట్టు రికార్డు, ఊరు అదే బోరు తాగుతా ఉంటుంది. అడగాల్సింది ప్లాంటు కాదు, నీళ్ళు: రోజుకి తలకి ఇన్ని లీటర్లు, ఫ్లోరైడ్ ఇంతకు మించకుండా, ప్రతి నెలా పరీక్ష, రిపోర్టు సచివాలయం బోర్డు మీద, నడిపే బాధ్యత ఫలానా హోదా అధికారిది.

సీమలో ఒక మరిచిపోయిన చట్టం కూడా ఉంది. 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటిది, ఆంధ్ర ప్రాంతానికి అట్లే కొనసాగింది. హెల్త్ ఆఫీసరుకు నీటి మీద, మురుగు మీద, న్యూసెన్సుల మీద, జాతర్ల మీద కూడా నేరుగా అధికారాలు ఇస్తుంది. నోటీసులో ఈ చట్టం పేరు కనబడితే మున్సిపల్ ఆఫీసులో ఎవరో ఒకరు పుస్తకం దుమ్ము దులుపుతారు.

నాపరాయి (తాడిపత్రి) – బుధవారం ఉదయం 6:30
దుమ్ము సంగతి నేను చెప్తా. రాయి కోసేటప్పుడు నీళ్ళు పోస్తారు కాబట్టి దుమ్ము తక్కువ. అంచులు పొడిగా గీకేటప్పుడు, క్రషర్లో రాయి పడేటప్పుడు, ఎండిపోయిన స్లర్రీ (రాతిపొడి బురద) గాలికి లేచేటప్పుడు, అక్కడుంది అసలు ప్రమాదం. నాపరాయిలో సిలికా తక్కువ, గ్రానైట్‌లో ఎక్కువ, పలుగురాయి పొడి కొట్టే మిల్లులైతే దాదాపు అంతా సిలికానే. ఎవరు ఏ రాయి మీద ఎన్నేండ్లు చేసినారో ముందు రాసుకోవాల.

చట్టం మారింది, చూసుకోండి. 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చినాయి. ఫ్యాక్టరీల చట్టం, గనుల చట్టం వృత్తి భద్రత కోడ్‌లోకి పోయినాయి, 1923 నష్టపరిహార చట్టం సామాజిక భద్రత కోడ్‌లోకి పోయింది. జబ్బు తేలిన తేదీ ఏ చట్టం కాలంలోకి వస్తుందో మొదటి పేరాలోనే రాయాల. సిలికోసిస్ (సిలికా దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు) పాత 1923 చట్టంలో మూడో షెడ్యూలు, అంటే వృత్తి జబ్బుల జాబితా, సీ భాగంలో ఉండేది, సిలికో టీబీ కూడా అందులోదే.

లెక్క ఇట్లుంటాది. 1923 చట్టం కింద 2020 జనవరి నుంచి జీతం పరిమితి 15,000. శాశ్వత పూర్తి వైకల్యమైతే జీతంలో నూటికి 60, అంటే 9,000. వయసు 40 అయితే గుణకం 184.17. రెండూ గుణిస్తే 16,57,530 రూపాయలు. సంపాదించే శక్తి సగమే పోయిందని డాక్టరు రాస్తే 8,28,765. చనిపోతే నూటికి 60 బదులు 50. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, కారణం లేకుండా ఆలస్యం చేస్తే సగం దాకా పెనాల్టీ. డాక్టరు సర్టిఫికెట్‌లో "సిలికోసిస్ ఉంది" అని రాసి సంపాదన శక్తి శాతం రాయకపోతే ఈ లెక్క ముందుకు పోదు. అది రాయించుకోకుండా ఆసుపత్రి గడప దాటొద్దు.

ఎక్కడ చెడిపోతాదంటే, ఈఎస్ఐ నంబరు ఉన్న కూలీకి ఇదే కేసు వేస్తారు. ఈఎస్ఐ వర్తించే మనిషికి ఈ దారి మూసేసి ఉంటాది, అక్కడే అడగాల. రెండోది, "మా దగ్గర పనే చేయలేదు" అంటాడు యజమాని. నియామక పత్రం ఎవురికీ ఉండదు. కూలీ నోటుబుక్కు, ఫోన్‌పేలో వారం వారం పడిన డబ్బు, అడ్వాన్సు రాసిన చీటీ, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, క్వారీ అయితే లీజు ఎవరిది, తోటి కూలీలు ఇద్దరి అఫిడవిట్లు. కాంట్రాక్టరు కింద చేసినా అసలు యజమాని తప్పించుకోలేడు, పాత చట్టం సెక్షన్ 12 అదే చెప్తాది.

పులివెందుల చుట్టూ ఒకప్పుడు రాతినార (ఆస్బెస్టాస్) తీసిన గనులు ఉండె. ఆ దుమ్ము పీల్చినవాళ్ళకి 20, 30 ఏండ్లకు గానీ జబ్బు బయటపడదు. 1995లో సుప్రీంకోర్టు సీఈఆర్‌సీ (కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్) కేసులో, కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరినప్పటి నుంచి 40 ఏండ్లు, లేదా పని మానినాక 15 ఏండ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు దాచాలని చెప్పింది. "రికార్డు లేదు" అంటే అది మన తప్పు కాదు, వాళ్ళదే అని వాదించడానికి ఇదే పునాది.

ఎపిడెమ్_కడప – బుధవారం ఉదయం 8:15
నాపరాయి గారి మాటకి ఒకటి కలుపుతా. ఈ కూలీల ఫైళ్ళలో సగం "టీబీ" అని ఉంటుంది. తెమడలో క్రిమి లేకపోయినా, ఆరు నెలల మందు రెండుసార్లు వాడినా నీడ తగ్గకపోతే ఎక్స్‌రేను ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) వర్గీకరణ ప్రకారం చదివించాలి. ఎక్స్‌రే అడిగేటప్పుడు చీటీలో పని వివరం, ఏళ్ళు రాయించండి. రేడియాలజిస్టుకి వృత్తి తెలియకపోతే "పాత టీబీ మచ్చలు" అనే రాస్తారు. ఫిల్ము ఒరిజినల్ దాచండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. సిలికోసిస్ ఉన్నవాళ్ళకి టీబీ కూడా వచ్చే అవకాశం ఎక్కువ, కాబట్టి "టీబీ ఉంది, సిలికోసిస్ లేదు" అనే వాదన వైద్యపరంగా నిలవదు.

వైద్యం చేసిన డాక్టరు కూడా వృత్తి జబ్బు గురించి కార్మిక తనిఖీ అధికారికి రాసి పంపాలి. చాలామంది పంపరు. ఆ రిపోర్టు కాపీ ఉంటే వకీలు పని సగం అయిపోయినట్టే.

కొత్తకోటు (అనంతపురం) – బుధవారం మధ్యాహ్నం 2:05
ఇక పొట్ట సంగతి. ఇవి చేస్తూ బతకొచ్చా? ఏదైనా సంస్థలో జీతానికి చేరితే?

బురుజుకాడ_వకీలు (కర్నూలు) – బుధవారం రాత్రి 9:40
జీతానికి పూర్తికాలం చేరితే బార్ కౌన్సిల్ నియమం 49 కింద ప్రాక్టీసు ఆపాల. రెండూ నడవవు. కేసుకింత అని సంస్థతో ఒప్పందం రాసుకుంటే వకాల్తా నీదే ఉంటుంది. చాలామంది తెలియక నియామక పత్రం మీద సంతకం పెట్టి తర్వాత ఇరుక్కుంటారు.

న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌కు మూడేండ్ల ప్రాక్టీసు కావాల. అది వచ్చిన రోజు దరఖాస్తు పెట్టు. న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం. అంటే సిలికోసిస్ కూలీ, నీళ్ళ కోసం తిరిగే ఆడమనిషి, ఇద్దరూ అర్హులే. ప్యానెల్ ఫీజు తక్కువ, కాకపోతే కేసు ఖర్చులు నీ జేబులోంచి పోవు.

కడుపు నింపేవి నష్టపరిహార కేసులు, వినియోగదారుల కమిషన్ కేసులు, ఇన్సూరెన్సు క్లెయిములు. జిల్లా కమిషన్‌లో చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేండ్లు. అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆసుపత్రి మీద మాత్రం అక్కడ నడవదు, 1995 శాంత తీర్పు.

పర్సెంటేజీ మాట మాట్లాడొద్దు. "వచ్చిన దాంట్లో నూటికి ఇరవై" అనేది ఇక్కడ మామూలైపోయింది, అది నియమాలకు విరుద్ధం. ఫీజు అంకెల్లో చెప్పు, రసీదు ఇవ్వు.

పెద్ద దారి చూడాలంటే సుప్రీంకోర్టు సీనియర్ వకీలు ఆనంద్ గ్రోవర్ పని చదువు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ కేసులతో నడిచి, 2013 నోవార్టిస్ కేసులో (క్యాన్సర్ మందు పేటెంటు వివాదం) క్యాన్సర్ రోగుల సంఘం తరఫున నిలబడి, 2008 నుంచి 2014 దాకా ఆరోగ్య హక్కు మీద ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధిగా చేసినాడు. చదువు కావాలంటే బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో వైద్య చట్టం, నీతి మీద దూరవిద్య డిప్లొమా ఉంది.

పది_రూపాయల_దరఖాస్తు (కడప) – బుధవారం రాత్రి 10:10
చెన్నై తలుపు మాట ఎవరూ ఎత్తలేదు. నదిలోకి, చెరువులోకి మురుగు వదిలే కేసుకు జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ఉంది, మన రాష్ట్రం దాని కిందికే వస్తుంది. పరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలు, అడిగితే నూటికి ఒకటి. గడువే ప్రాణం. సెక్షన్ 14 కింద కారణం మొదట పుట్టిన రోజు నుంచి ఆరు నెలలు, పైన 60 రోజులు. పరిహారానికి సెక్షన్ 15 కింద ఐదేండ్లు. "ఇరవై ఏండ్లుగా ఇట్లే ఉంది" అని కవిత్వం కోసం రాసిన వాక్యమే గడువు దాటిందనడానికి సాక్ష్యమైపోతుంది.

కొత్తకోటు (అనంతపురం) – గురువారం రాత్రి 8:30
ఉదాహరణ ఊరికి వేడికోలు రాసి చూశా: "కావున ప్రతివాదులు గ్రామ ప్రజలకు సురక్షితమైన త్రాగునీరు అందించుటకు తగు చర్యలు తక్షణమే తీసుకొనునట్లు ఆదేశించవలసినదిగా ప్రార్థన." శాంపిల్ చీటీ: "కొళాయి నీరు, 3వ వీధి, 12వ తేదీ."

బురుజుకాడ_వకీలు (కర్నూలు) – గురువారం రాత్రి 9:15
"తగు చర్యలు" కొట్టేయ్. ఆ మాట ఉన్న ఉత్తర్వును ధిక్కరించినారని ఎవరి మీదా రుజువు చేయలేం, ఎందుకంటే ఒక మెమో రాసినా తగు చర్యే. ఇట్ల రాయి:

(ఏ) ఉత్తర్వు అందిన 15 రోజుల్లోపు, 3వ వీధి మురుగు కాలవలో ఉన్న సుమారు 60 మీటర్ల పైపును కాలవ మట్టానికి పైన, పక్కకు మార్చాలి.
(బి) మార్చేదాకా 120 ఇళ్ళకు, తలకి రోజుకి 55 లీటర్ల చొప్పున, క్లోరిన్ కలిపిన నీళ్ళు ట్యాంకరుతో పొద్దున ఇవ్వాలి.
(సి) వారానికి ఒకసారి చివరి కొళాయి దగ్గర మిగిలిన క్లోరిన్ చూసి, అంకె సచివాలయం బోర్డు మీద రాయాలి.
(డి) 30వ రోజు అమలు నివేదిక, ల్యాబు రిపోర్టుతో సహా దాఖలు చేయాలి.

55 లీటర్లు ఎందుకంటే జల్ జీవన్ మిషన్ వాళ్ళు పెట్టుకున్న లెక్కే అది. వాళ్ళ అంకె వాళ్ళకే చూపిస్తే కాదనలేరు. 60 మీటర్లు టేపు పెట్టి కొలిచి రాయి, ఊహించి రాయొద్దు.

సీసా_ల్యాబు – గురువారం రాత్రి 9:40
చీటీలో గంట లేదు. గంట లేకపోతే 8 గంటల లోపు చేరిందని రుజువు ఎక్కడ? నీళ్ళ మూలం ఏ ట్యాంకో, అక్కడ చూసిన క్లోరిన్ అంకె, పట్టినవారు, ఎదుట ఉన్నవారి సంతకాలు, సీసా నంబరు కూడా కావాలి. బాల్‌పాయింటుతో రాసి చీటీ మీద పారదర్శక టేపు అతికించండి. ఐసు డబ్బాలో తడిసి ఇంకు కారిపోయిన చీటీని ఏ ల్యాబూ రిజిస్టరులో ఎక్కించుకోదు.